పంతొమ్మిది గెలుపులు, ముప్పై ఒక్క ఓటములు

బరంపురంలో కూర్చుని బేస్‌బాల్ గురించి వ్రాయడమేమిటని ముందుగా నవ్వినది మా ఇంటావిడే. పాఠకులు నవ్వినా మేము తప్పు పట్టము. బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టడమంటే ఇదే కాబోలు. బుద్ధెరిగిన తరువాత మేము ఆడిన ఆటలు రెండే రెండు. చిన్నతనంలో వీధిలో బిళ్ళంగోడు, హైస్కూలు రోజుల్లో గోడమీద బొగ్గుతో మూడు గీతలు గీసి ఆడిన క్రికెట్టు. మెట్రిక్ ప్యాసై గుమాస్తా కుర్చీలో కూర్చున్న నాటినుంచి ఇంటినుంచి ఆఫీసుకూ, ఆఫీసునుంచి కూరగాయల బజారుకూ నడవడమే మా వ్యాయామం. అయినా ఎక్కడో అమెరికాలో కొందరు ఆటగాళ్లు 2019లో ఆడిన ఆట మా ఇంట్లో ఒక అలవాటును పెట్టి పోయింది. ఆ సంగతి నలుగురితో చెప్పుకోవాలని చాలా కాలంగా అనుకొంటున్నాము.

ముందు మా గోడు కొంత చెప్పుకోక తప్పదు. మా నాన్నగారు సర్వీసులో ఉండగానే కాలం చేశారు. ఇంటికి పెద్దవాళ్లం మేమే కనుక చదువు అంతటితో ఆపి ఆ ఉద్యోగంలోనే చేరాము. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా. రెండు భాషల్లోనూ దస్తూరీ బాగుంటుందని పేరు తెచ్చుకొన్నాము గాని, దస్తూరీతో ప్రమోషన్ రాదు గదా! పై గ్రేడుకు వెళ్లాలంటే డిపార్టుమెంటు పరీక్ష ప్యాసు కావాలి. అందులో అకౌంట్ల పేపరు మాకు కొరకరాని కొయ్య. 2015లో ఒకసారి తప్పాము. 2017లో రెండోసారి తప్పాము. మా చేతిలో నోటింగు వ్రాయడం నేర్చుకొన్న కుర్రవాడు మొదటి దెబ్బకే ప్యాసై, మా కాగితాలమీద తన సంతకం పెట్టే స్థానానికి వెళ్లాడు. పాపం మంచివాడే. "భాయినా, ఇక్కడ ఒక అంకె చూడండి" అని మెత్తగానే అంటాడు. ఆ మెత్తదనమే మాకు ఎక్కువ గుచ్చుకొనేది.

2019 వచ్చేసరికి మాకు నలభై దాటింది. బడబాబుగారు మరొక్కసారి దరఖాస్తు పెట్టమన్నారు. ఆ యేడు నవంబరు ఆఖరున పరీక్ష. ఫీజు కట్టాము గాని పుస్తకం తెరవలేదు. మా అమ్మాయి అదే సంవత్సరం మెట్రిక్ క్లాసులో ఉంది. దానికి లెక్కలంటే భయం. తండ్రి లెక్కలలో రెండుసార్లు తప్పినవాడని దానికి తెలుసు. ఇక దానికి మేము ఏ మొగంతో ధైర్యం చెప్పగలం?

మా అక్కయ్య కొడుకు చదువుకొనే రోజుల్లో రెండేళ్లు మా ఇంట్లోనే ఉన్నాడు. ఇప్పుడు వర్జీనియాలో ఉద్యోగం. వాషింగ్టన్ నగరానికి పోటొమాక్ నది ఇవతలి ఒడ్డున ఉంటాడు. ప్రతి ఆదివారం ఉదయం, అంటే వాళ్లకు శనివారం రాత్రి, మాకు ఫోను చేస్తాడు. అమ్మమ్మతో మాట్లాడి, అత్తను ఏం వండావని అడిగి, ఆఖరున మాతో బేస్‌బాల్ సంగతి చెప్పుకొంటాడు. వినేవాళ్లు లేక మాతో చెప్పుకొనేవాడు. అర్థం కాకపోయినా "ఊఁ" కొట్టేవాళ్లం.

ఆ ఆట తెలియని పాఠకుల కోసం మాకు తెలిసినంత చెబుతాము. జట్టుకు 9 మంది. బంతి విసిరేవాడు మట్టిదిబ్బమీద నిలబడి బంతి నేలకు తగలకుండా విసురుతాడు. కొట్టేవాడు గుండ్రని కర్రతో దానిని కొట్టి, మూడు మూలలు చుట్టి, బయలుదేరిన నాలుగవ మూలకు తిరిగి చేరితే ఒక పరుగు. బంతిని ఆవరణ దాటించి కొడితే హోమ్ రన్, తీరుబడిగా చుట్టి రావచ్చు. మూడు బంతులు తప్పితే అవుటు. ముగ్గురు అవుటైతే అవతలివారి వంతు. ఇట్లా తొమ్మిది వంతులు. మన క్రికెట్టులో ఒక్క ఓవరులో వచ్చే పరుగులు అక్కడ ఆట మొత్తానికి వస్తే గొప్ప. ఆ ఆటకు గంటల గడువు లేదు. ఎంత వెనకబడినా సరే, ఆఖరివాడు అవుటయ్యేదాకా ఆట ముగిసినట్టు కాదు. ఈ ఒక్క మాట పాఠకులు జ్ఞాపకం ఉంచుకొంటే చాలు.

మార్చి ఆఖరునుంచి సెప్టెంబరు ఆఖరుదాకా జట్టుకు 162 ఆటలు. దాదాపు రోజూ ఆటే. మా మేనల్లుడు అభిమానించే జట్టు పేరు వాషింగ్టన్ నేషనల్స్. కెనడాలోని మాంట్రియల్‌నుంచి 2005లో ఆ ఊరికి తరలివచ్చిన జట్టు. అక్కడ జట్లు ఊళ్లు మారడం కద్దు. వాషింగ్టన్ ఊరు ఇట్లా రెండు జట్లను పోగొట్టుకొని, 1972 నుంచి 2004 దాకా 33 ఏళ్లు జట్టే లేకుండా గడిపింది. ఆ ఊరికి ఛాంపియన్ పదవి దక్కినది 1924లో ఒకే ఒక్కసారి. కొత్త జట్టు వచ్చాక 2012, 2014, 2016, 2017 సంవత్సరాలలో నాకౌట్ దశకు వెళ్లి, నాలుగుసార్లూ మొదటి మెట్టుమీదే జారిపడింది. "మీ పరీక్షలాగే మావయ్యా" అన్నాడు ఒకసారి మా మేనల్లుడు. అని, వెంటనే నాలిక కరుచుకొన్నాడు. మేము నవ్వేశాము గాని ఆ మాట మనసులో ఉండిపోయింది.

2019 మార్చిలో ఆ జట్టులోని పేరుమోసిన ఆటగాడు బ్రైస్ హార్పర్ పక్కనున్న ఫిలడెల్ఫియా జట్టుకు వెళ్లిపోయాడు. 13 సంవత్సరాలకు 33 కోట్ల డాలర్ల ఒప్పందం. ఏప్రిల్ 2న ట్రే టర్నర్ అనే చురుకైన కుర్రవాడి కుడిచేతి చూపుడువేలు బంతి తగిలి విరిగింది. ఏప్రిల్ గడిచింది, మే వచ్చింది, ఓటమిమీద ఓటమి. మాకూ ఆ మే నెల మంచిది కాదు. 3వ తేదీన ఫణి తుఫాను పూరీ దగ్గర తీరం దాటింది. మా జిల్లా పెద్ద దెబ్బ తప్పించుకొన్నా, ఆఫీసులో పనిభారం కొండంత పెరిగింది. రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరి అన్నం తిని పడుకోవడమే.

మే 23న నేషనల్స్ న్యూయార్క్ మెట్స్ చేతిలో వరుసగా నాలుగో ఆట ఓడారు. యాభై ఆటలకు లెక్క: 19 గెలుపులు, 31 ఓటములు. మేనేజరు డేవ్ మార్టినెజ్‌ను తీసివేయమని పత్రికలూ జనమూ ఒకటే గోల. ఆ ఓటమి కాగానే మా మేనల్లుడు నీరసంగా, "ఈ యేటికి అయిపోయింది మావయ్యా" అన్నాడు. మేము ఓదార్పుగా, "పోనీలేరా, ఇంకా ఎన్ని ఆటలున్నాయి?" అని అడిగాము. "112" అన్నాడు. "యాభైకే అయిపోయిందంటావేమిట్రా, అసలు ఆట ఇంకా ముందే ఉందిగా" అన్నాము. లెక్కలు రానివాడు చెప్పిన లెక్క అది. అన్న తరువాత మాకే ఎందుకో సిగ్గు వేసింది. నవంబరు పరీక్షకు ఇంకా ఆరు నెలలుంది. అక్కడ అలమార మీద పుస్తకానికి దుమ్ము పట్టి ఉంది.

తరువాత ఏం జరిగిందో చెబితే పెద్ద అద్భుతమేమీ కనిపించదు. మేనేజరును తీసివేయలేదు. రాత్రికి రాత్రి కొత్త వీరుడెవరూ రాలేదు. ఆ మార్టినెజ్ తన ఆటగాళ్లకు రోజూ ఒకే మాట చెప్పేవాడట: ఇవాళ ఒకటి, సున్న. అంటే నిన్నటి 31 ఓటములూ లేవు, రేపటి ఆటా లేదు, ఇవాళ్టి ఆట ఒక్కటే ఉంది, అది గెలిస్తే ఇవాళ్టి లెక్క ఒకటి సున్న. మరునాడు మళ్లీ మొదటినుంచి మొదలు. జూన్‌లో మా మేనల్లుడు ఈ మాట చెప్పినప్పుడు, పిల్లలకు చెప్పే మాటలాగా ఉందే అనుకొన్నాము.

పిల్లల సంగతి వచ్చింది గనుక ఇంకొకటి. మే నెలలో ఆ జట్టులోకి హెరార్డో పార్రా అనే వెనెజులా ఆటగాడు వచ్చి చేరాడు. మరొక జట్టు వద్దని వదిలేసినవాడు. కొన్నాళ్లు బంతి బ్యాటుకు తగలక అవస్థపడ్డాడు. అక్కడ కొట్టేవాడు మైదానంలోకి నడిచివచ్చేటప్పుడు అతడు కోరుకొన్న పాట వేస్తారు. జూన్ 19న ఇతడు తన రెండేళ్ల కూతురికి ఇష్టమైన సొరచేప పిల్లపాట వేయించుకొన్నాడు. ఆ పూట ఆట బాగా సాగింది. ఇక ఆ పాటను వదలలేదు. కొద్దిరోజుల్లో స్టేడియంలో వేలమంది ముసలీ ముతకా లేచి నిలబడి, రెండు చేతులూ చాచి సొరచేప నోరు తెరిచి మూసినట్టు చప్పట్లు కొట్టసాగారు. మా మేనల్లుడి మూడేళ్ల పిల్ల వీడియోలో అది చేసి చూపిస్తే మా అమ్మ పొట్ట పట్టుకొని నవ్వింది. ఓడిపోయేవాళ్లకు మొదట తిరిగి రావలసినది నవ్వు కాబోలు అని ఆ రోజు మాకు తోచింది.

జూలై మొదటివారంలో ఒక రాత్రి అలమార మీది పుస్తకం దించాము. ట్రెజరీ కోడు, పెన్షన్ లెక్కలు, బడ్జెట్ పద్దులు. చూస్తే గుండె జారిపోయింది. అప్పుడు ఆ మాట గుర్తుకు వచ్చింది. పుస్తకమంతా మనకెందుకు, ఇవాళ ఒక్క లెక్క చేద్దాము అనుకొన్నాము. చేశాము. తప్పు వచ్చింది. మళ్లీ చేశాము. కుదిరింది. గోడమీది తెలుగు క్యాలెండరులో ఆ తేదీ పక్కన "1-0" అని పెన్సిలుతో వేశాము. మా అమ్మాయి చూసి అదేమిటి నాన్నా అంది. చెప్పాము. మరునాటినుంచి అదీ తన లెక్కల పుస్తకం తెచ్చుకొని మా బల్లకు ఎదురుగా కూర్చుంది. తన అంకె ఎర్ర పెన్సిలుతో వేసుకొనేది. లెక్క కుదరని రోజున "0-1" అని నిజాయితీగా వేయాలన్నది మా ఒప్పందం. మా ఇంటావిడ అంపైరు. ఆవిడ దగ్గర దొంగలెక్కలు సాగవు.

ఆ జట్టులో మాకు బాగా నచ్చిన సంగతి వాళ్ల వయసు. ఆ యేడు 30 పెద్ద జట్లలోకెల్లా సగటు వయసు ఎక్కువ ఉన్న జట్టు అదే. ముదురు ఆటగాళ్లు తమను తామే స్పానిష్ భాషలో "ముసలాళ్లం" అని పిలుచుకొనేవారట. హోవీ కెండ్రిక్‌కు 36 ఏళ్లు. అంతకు ముందు యేడు మడమ వెనక నరం తెగి, ఇక లేవడనుకొన్నవాడు. రయన్ జిమ్మర్‌మన్ ఆ జట్టు వాషింగ్టన్‌కు వచ్చిన 2005నుంచీ ఉన్నవాడు, నాలుగు పరాజయాలనూ కళ్లారా చూసినవాడు. ట్రే టర్నర్ కుర్రవాడే గాని, విరిగిన వేలు పూర్తిగా వంగకపోయినా ఆ వేలితోనే మిగిలిన యేడంతా ఆడాడు. ఆటలో 36 ముసలితనమైతే గుమాస్తాగిరీలో 41 ఏపాటి? ఆఫీసులో కుర్రవాళ్లు ముసిముసిగా నవ్వుతుంటే "ముసలాళ్లం" అని మనసులో అనుకొని మేమూ నవ్వుకొనేవాళ్లం.

సెప్టెంబరు 3న ఒక వింత జరిగింది. అవే న్యూయార్క్ మెట్స్‌తో ఆట. ఆఖరి వంతు వచ్చేసరికి మెట్స్ 10, నేషనల్స్ 4. మా మేనల్లుడు విసుగెత్తి టీవీ కట్టేసి పడుకొన్నాడు. పొద్దున లేచి చూస్తే నేషనల్స్ 11, మెట్స్ 10! ఆఖరి వంతులో ఏడు పరుగులు చేశారు. చివరి దెబ్బ 35 ఏళ్ల కర్ట్ సుజుకిది. పడుకొన్నందుకు వాడు పడిన బాధ ఇంతా అంతా కాదు. "ఇక ఏ ఆటా మధ్యలో వదలను మావయ్యా" అని ఒట్టు పెట్టుకొన్నాడు.

ఆ నెల మధ్యలో మార్టినెజ్ ఆట జరుగుతుండగానే గుండెలో నొప్పివచ్చి ఆసుపత్రి పాలయ్యాడు. చికిత్స చేయించుకొని కొద్దిరోజుల్లోనే మళ్లీ వచ్చి జట్టు దగ్గర నిలబడ్డాడు. సెప్టెంబరు 23నుంచి నాలుగు రోజుల్లో ఫిలడెల్ఫియాతో అయిదు ఆటలు. అయిదూ గెలిచారు. హార్పర్ వెళ్లి చేరిన జట్టు అదే. 24న ఆ జట్టుకు నాకౌట్ ఆశ పోయింది, వదిలివెళ్లిన జట్టుకు చోటు దక్కింది. తరువాత క్లీవ్‌లాండ్‌తో మూడూ గెలిచారు. అంటే చివరి ఎనిమిది ఆటలూ వరుసగా గెలుపే. 162 ఆటలు ముగిసేసరికి 93 గెలుపులు, 69 ఓటములు. మే 23 తరువాతి లెక్క ఒక్కటే చూస్తే 74 గెలుపులు, 38 ఓటములు. ఆ తీసివేత మా అమ్మాయే చేసి చెప్పింది.

అక్టోబరు 2 గాంధీ జయంతి, మాకు సెలవు. వాళ్లకది 1వ తేదీ రాత్రి. మిల్వాకీతో ఒకే ఒక్క ఆట, ఓడితే ఇంటికే. మా మేనల్లుడు వీడియో కాల్ చేసి ఫోను టీవీ వైపు తిప్పి పెట్టాడు. ఇంటిల్లిపాదీ కాఫీ గ్లాసులతో ఆ చిన్న అద్దంలోకి తొంగి చూశాము. ఎనిమిదవ వంతులో ఒకటికి మూడు వెనకబడి ఉన్నారు. ఇద్దరు అవుటయ్యారు. అప్పుడు హువాన్ సోటో అనే 20 ఏళ్ల కుర్రవాడు కొట్టిన బంతి అవతలి ఆటగాడి చేతి తొడుగు కిందినుంచి జారిపోయింది. ముగ్గురు పరుగెత్తి వచ్చారు. నాలుగు మూడు! మా అమ్మాయి గెంతులు వేసింది. మా అమ్మ మాత్రం, "బంతి జారవిడిచిన ఆ పిల్లాడి తల్లి ఎంత బాధపడిందో" అంది. ఆవిడ చూపు ఎప్పుడూ ఓడినవాడి వైపే.

తరువాతి ప్రత్యర్థి 106 ఆటలు గెలిచిన లాస్ ఏంజిలిస్ డాడ్జర్స్. అయిదో ఆట మనకు అక్టోబరు 10 ఉదయం. మేము ఆఫీసులో కుర్చీలో కూర్చున్నామో లేదో ఫోను గుర్రుమంది. ఎనిమిదవ వంతులో మళ్లీ ఒకటికి మూడు వెనకబడి, రెండోన్, సోటో వెంటవెంటనే హోమ్ రన్‌లు కొట్టి సమం చేశారట. పదో వంతులో కెండ్రిక్ మూడు మూలలా మనుషులుండగా బంతిని ఆవరణ దాటించాడట. ఒక్క దెబ్బకు నాలుగు పరుగులు. మా మొగం చూసి బడబాబుగారు "ఏం భాయి, లాటరీ తగిలిందా?" అన్నారు. ఏమని చెప్పగలం?

ఆపైన సెయింట్ లూయీ జట్టును నాలుగుకు నాలుగూ గెలిచి చివరి పోటీకి వెళ్లారు. అక్కడ 107 ఆటలు గెలిచిన హ్యూస్టన్ ఆస్ట్రోస్. ఏడింట నాలుగు గెలిచినవారిది పదవి. హ్యూస్టన్‌లో మొదటి రెండూ గెలిచి సొంత ఊరికి వచ్చారు. ఇక ఊరంతా సంబరమే అనుకొంటే, సొంత గడ్డమీద మూడూ ఓడారు. మూడింటిలో కలిపి చేసినవి మూడే పరుగులు. మూడో ఓటమి అక్టోబరు 27న, దీపావళి రాత్రి. ఆ రోజు విసరవలసిన మాక్స్ షెర్జర్‌కు మెడ పట్టేసి చేయి పైకి లేవలేదు. చొక్కా తొడుక్కోవడానికి కూడా భార్య సాయం చేయవలసి వచ్చింది. మా మేనల్లుడి ఇంట్లో గుమ్మం ముందు దీపాలు, లోపల మౌనం. ఆ రాత్రి మా క్యాలెండరు మీదా "0-1" పడింది. పెన్షన్ లెక్క ఎంత చేసినా కుదరలేదు. ఇంక పరీక్షకు నెలరోజులే.

29న హ్యూస్టన్‌లో ఆరవ ఆట స్ట్రాస్‌బర్గ్ విసిరిన తీరుకు 7-2తో గెలిచారు. 30న ఏడవ ఆట, మనకు 31 ఉదయం. మూడు రోజుల క్రితం చేయి ఎత్తలేని షెర్జర్ వచ్చి మట్టిదిబ్బ ఎక్కాడు. తడబడుతూనే అయిదు వంతులు నెట్టుకొచ్చాడు. ఏడో వంతుకు సున్నకు రెండు వెనకబడి ఉన్నారు. మాకు ఆఫీసు వేళయింది. కంచం ముందు కూర్చున్నాము గాని ముద్ద దిగలేదు. రెండోన్ హోమ్ రన్ కొట్టాడు, ఒకటి రెండు. తరువాత కెండ్రిక్ కొట్టిన బంతి కుడివైపు హద్దు కంబానికి ఠంగున తగిలింది. ఆ కంబానికి తగిలితే హోమ్ రన్ కింద లెక్క. మూడు రెండు! చివరికి 6-2. 1924 తరువాత 95 ఏళ్లకు ఆ ఊరికి పదవి. ఏడు ఆటల్లోనూ పరాయి ఊరినుంచి వచ్చినవాళ్లే గెలవడం అంతకు ముందెన్నడూ జరగలేదట. ఫోనులో మా మేనల్లుడు మాట రాక ఏడుస్తున్నాడు. మేము ఆ రోజు ఆఫీసుకు ముప్పావు గంట ఆలస్యం. సర్వీసులో అట్లా జరగడం మొదటిసారి.

ఇక్కడితో ఆపితే కథ బాగుంటుంది. కాని జరిగింది జరిగినట్టు చెప్పాలి. నవంబరు ఆఖరున మేమూ పరీక్ష వ్రాశాము. జనవరిలో ఫలితం వచ్చింది. మిగిలిన పేపర్లన్నీ ప్యాసు. అకౌంట్లలో నాలుగు మార్కులు తక్కువ. మూడోసారి తప్పాము.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లడానికి కాళ్లు రాలేదు. మా అమ్మాయి పరీక్షలు నెలరోజుల్లో ఉన్నాయి. చెబితే దాని ధైర్యం చెదురుతుందేమో, చెప్పకపోతే ఆ క్యాలెండరు మీద ఇన్నాళ్లు వేసిన అంకెలన్నీ అబద్ధమవుతాయేమో! బజారులో రెండు ప్రదక్షిణాలు చేసి, ఏమీ కొనకుండా ఇల్లు చేరాము. మా మొగం చూడగానే ఇంటావిడకు అర్థమైంది. అమ్మాయి ఒక్క క్షణం ఊరుకొని, "ఎన్ని మార్కులు నాన్నా?" అంది. చెప్పాము. "క్రితం సారి ఎన్ని తక్కువ?" అంది. పంతొమ్మిది. అది కాగితం మీద పంతొమ్మిదిలోనుంచి నాలుగు తీసి, పదిహేను అని వ్రాసి మా ముందు పెట్టింది. తరువాత తన పుస్తకం తెచ్చుకొని బల్లకు ఎదురుగా ఎప్పటిలాగే కూర్చుంది. మేమూ కూర్చోవలసి వచ్చింది. ఆ రాత్రి మేము చేసిన లెక్క కుదిరిందో లేదో గుర్తులేదు. కూర్చున్నామన్నది మాత్రం గుర్తుంది.

అమ్మాయి మెట్రిక్ గట్టెక్కింది, లెక్కలతో సహా. తరువాత కరోనా వచ్చి 2020లో మా పరీక్ష జరగలేదు. 2021 డిసెంబరులో వ్రాసి ప్యాసయ్యాము. పై గ్రేడు వచ్చింది. ఇప్పుడు మా సంతకమూ నలుగురి కాగితాలమీద పడుతున్నది.

మరి ఆ జట్టు? విజయం తరువాతి యేడే, 60 ఆటలకు కుదించిన 2020లో, 26 గెలిచి 34 ఓడి తమ విభాగంలో వెనకబడ్డారు. 2021 జూలైలో షెర్జర్‌నూ టర్నర్‌నూ డాడ్జర్స్‌కు ఇచ్చివేశారు. మేము ప్యాసైన ఆ యేడు వాళ్లది ఆఖరి స్థానం. 2022లో సోటో కూడా వెళ్లిపోయాడు. ఆ యేడు 107 ఓటములు. 24.5 కోట్ల డాలర్ల ఒప్పందం పొందిన స్ట్రాస్‌బర్గ్ గాయాలవల్ల ఆపైన ఎనిమిది ఆటలే ఆడగలిగి, 2024లో విరమించుకొన్నాడు. 2025 జూలైలో మార్టినెజ్‌ను కూడా తీసివేశారు. ఎక్కిన మెట్టుమీద ఎవరూ ఇల్లు కట్టుకోలేరు గదా. దీనికి మేము నొచ్చుకోలేదు. ఆ గెలుపు వాళ్లకు ఎన్నాళ్లు నిలిచిందన్నది వేరు సంగతి. 19 గెలిచి 31 ఓడిన నాటి మరునాడు వాళ్లు మైదానంలోకి వచ్చారన్నది ఎవరూ తీసివేయలేని లెక్క.

మా మేనల్లుడు ఇప్పటికీ ఆదివారం ఫోను చేస్తాడు. జట్టు ఓడినదని చెబుతూనే, "ఇంకా ఎన్ని ఆటలున్నాయని అడగవేం మావయ్యా?" అంటాడు. ఈ మధ్య మా అమ్మాయి మరో పరీక్షకు చదువుకొంటోంది. మా పరీక్ష అయిపోయింది గనుక ఊరికే ఎదురుగా కూర్చుని, ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రవాడి కోసం ట్రెజరీ కోడు లెక్కలు తెలుగులో విడమరిచి వ్రాస్తున్నాము. వాడూ మనవాడే. అకౌంట్లలో ఒకసారి తప్పాడు. ఇవాళ్టికి ఒక లెక్క వ్రాయడం అయింది. క్యాలెండరు మీద అంకె వేయడానికి పెన్సిలు కనబడలేదు. ఇంటావిడను అడగాలి.